కూల్చేసిన ఇంటిని త్రీడీలో దాచాం. ఇప్పుడు జనానికి చూపించాలా, వద్దా?

పాతఊరు_పిల్లోడు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఫైన్ ఆర్ట్స్ చదివి ఇక్కడే వైజాగ్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తున్నాను. కిందటేడాది వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, నా ఫ్రెండ్ వాళ్ళ మామ్మ గారి ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారని తెలిసింది. పాత పెంకుటిల్లు. వీధి అరుగు, లోపల మండువా, వెనక నుయ్యి. హుద్‌హుద్ తుఫానుకి పెంకులు ఎగిరిపోయిన వైపు రేకులు వేయించారు, ఆ వైపు అసలు బాగోదు, అయినా అదీ ఇల్లే కదా. సోమవారం కూలగొట్టేవాళ్ళు వస్తారంటే శని, ఆదివారాలు మేం ముగ్గురం అక్కడే పడుకుని ఇల్లంతా ఫొటోగ్రామెట్రీ చేశాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: అడుగడుక్కీ ఒక ఫొటో, ప్రతి ఫొటోలోనూ ముందు ఫొటోలో ఉన్నది సగానికి పైగా మళ్ళీ పడాలి, అలా తీసుకుంటూ పోతే వాటిలో కలిసే గుర్తుల్ని సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఆ చోటంతా త్రీడీలో కట్టేస్తుంది. నాలుగు వేల పైచిలుకు ఫొటోలు తీశాం. నెల రోజులు సిస్టమ్‌ని ఏడిపించాం. ఇప్పుడు కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ ఇంట్లో నడవొచ్చు. తలుపు చెక్క మీద పసుపు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ అరిగిందో కూడా తెలుస్తుంది.

దీన్ని చిన్న ఎగ్జిబిషన్‌గా పెడదామని హాలు కూడా మాట్లాడుకున్నాం. అప్పుడు మొదలైంది టెన్షన్.

మామ్మ గారికి ఎనభై దాటాయి. మేం అడిగితే "తీసుకోండి బాబూ, ఎలాగూ పోయేదేగా" అన్నారు. అంతే, కాగితం ఏమీ లేదు. మేం పంపిన చిన్న వీడియో చూసి హైదరాబాద్‌లో ఉండే వాళ్ళ అమ్మాయి ఫోన్ చేశారు. దేవుడి గది తీసెయ్యమన్నారు. పడగ్గది గుమ్మం మీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి, అవీ తీసెయ్యమన్నారు. ముగ్గురు పిల్లల గీతలవి, చివరి అబ్బాయివి ఒక ఎత్తు దాకా వచ్చి ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోయాయో ఫొటో తీసినప్పుడు నాకు తెలియదు. ఎంత బాగున్నాయో అనుకుని పోస్టర్ మీద కూడా అవే పెట్టాను. ఆవిడ ఫోన్ పెట్టేశాక చాలాసేపు సిగ్గేసింది.

మామ్మ గారి అబ్బాయి గారిది ఇంకో దారి. వాళ్ళ నాన్న గారి గొంతు ఒక క్యాసెట్‌లో ఉందట. ఏఐతో ఆ గొంతు తయారుచేసి, ఎవరు లోపలికి అడుగుపెట్టినా "రండి బాబూ, కూర్చోండి" అనిపించమంటున్నారు. మా టీమ్‌లో ఒకడు ఇదే హిట్టు అంటున్నాడు.

ఇంకోటి, అద్దం. బీరువా అద్దాన్ని సాఫ్ట్‌వేర్ అద్దం అనుకోదు, కిటికీ అనుకుంటుంది. దాని వెనక ఇంకో సగం గది కట్టేసింది, అందులో కెమెరా పట్టుకున్న నేను పొగలా కరిగిపోయి ఉన్నాను. ఇలాంటి చోట్లన్నీ ఏఐతో నింపేద్దామని మావాడి ఐడియా.

తీసెయ్యమన్నవి తీసేస్తే అది ఆ ఇల్లేనా? ఉంచితే నేను మనిషినేనా? చేసినవాళ్ళు, చూసినవాళ్ళు చెప్పండి.

సముద్రపుగాలి:

తమ్ముడూ, పెట్టెయ్. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా ఇంటి కిటికీలు ఊడిపోయి మూడు ఆల్బమ్‌లు నానిపోయాయి. విప్పితే ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మా నాన్న ముఖం మా పెళ్ళి ఫొటో వెనక్కి అంటుకుపోయింది. ఆ రోజు నుంచి నేననేది ఒకటే, ముందు దాచండి, ఎవరికి చూపించాలో తర్వాత కొట్టుకుందాం. పారిస్‌లో నోత్రదామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసరు 2010 ప్రాంతంలో లేజర్‌తో స్కాన్ చేసి పెట్టాడు, వంద కోట్లకి పైగా పాయింట్లట. 2019 ఏప్రిల్‌లో అది తగలబడితే ఆ కొలతలు అక్కరకొచ్చాయి. తగలబడేటప్పటికి ఆయన లేడు, అంతకు ముందు నవంబరులోనే పోయాడు. ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో తీసేవాడికి తెలియదు.

పాతఊరు_పిల్లోడు:

అక్కా, దాచడం దాచేశాను, మూడు హార్డ్‌డిస్కుల్లో ఉంది. నా గొడవ చూపించడం గురించి. నోత్రదామ్ ఊరందరిదీ. ఇది ఒక మామ్మ గారి వంటిల్లు.

జాలారిపేట_2:

నేను అటువైపు నుంచి చెప్తాను, అంటే కెమెరాకి ఎదురువైపు నుంచి.

మా పెద జాలారిపేటకి కొన్నేళ్ళ కిందట కొందరు కాలేజీ కుర్రాళ్ళు కర్ర చివర గుండ్రటి కెమెరా పట్టుకుని వచ్చారు, చుట్టూ ఒకేసారి తీసేది. మంచి పిల్లలే, టీ తాగారు, మా చిన్నాన్నతో పడవ ఎక్కారు. తర్వాత మర్చిపోయాం. ఏడాది తిరిగాక వేరే ఊళ్ళో చదువుకుంటున్న మా మేనమామ కొడుకు ఫోన్ చేసి, ఒరే, ఇక్కడ ఒక ఎగ్జిబిషన్‌లో మీ అమ్మని చూశాన్రా అన్నాడు. హెడ్‌సెట్ పెట్టుకుంటే మా సందు. మా అమ్మ గుమ్మంలో చేపలు కోస్తోంది. వెనక్కి తిరిగితే మా ఇల్లు లోపలి దాకా, మంచం మీద మా చెల్లి నిద్రపోతోంది.

మామూలు కెమెరాకి వెనక అనేది ఒకటుంటుంది. దాని వెనక్కి వెళ్తే పడం అని మాకు తెలుసు, పక్కకి తప్పుకుంటాం. దీనికి వెనకే లేదు. ఎటు తప్పుకోవాలి?

మా అమ్మకి చెప్తే కోప్పడలేదు. "ఏటిరా, ముందే అంటే కొప్పు ముడేసుకుందును కదా" అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది నాకు. ఆ కుర్రాళ్ళు అడిగారు, కాదనను. "ఫొటో తీసుకోవచ్చా" అని అడిగారు. "మీ సందులో ఎవడో ముక్కూముఖం తెలియనివాడు నిలబడి చుట్టూ చూస్తాడు, మీరు వాణ్ణి చూడలేరు" అని చెప్పలేదు.

మీ మామ్మ గారికి ఇది చెప్పారా?

లా_పాయింటు:

పై మాటకి చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను. సలహా అనుకోకండి, అవగాహన కోసం.

ఇంటి బొమ్మ తీసినందుకు కాపీరైట్ గొడవ రాదు, కట్టడాల ఫొటోలకి 1957 కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. గొడవ లోపల ఉన్న మనుషుల సంగతులతో. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో ఇచ్చారు. ఇంట్లో సొంతానికి వాడుకుంటే దానికి సంబంధం లేదు, కానీ హాలు తీసుకుని జనాన్ని పిలిస్తే సొంత వాడకం అని వాదించడం కష్టం. ఆ చట్టంలో సమ్మతి అంటే దేనికో తెలిసి, స్పష్టంగా ఇచ్చింది. ఇచ్చినవాళ్ళు తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. "తీసుకోండి బాబూ" అనేది ఫొటోలకి చెప్పిన మాట. ప్రదర్శనకి కాదు.

చనిపోయిన తాతయ్య గారి గొంతు విషయంలో చట్టం పెద్దగా ఆదుకోదు. అది మీరూ మీరూ తేల్చుకోవాల్సిందే. ఇంకో చిన్న సంగతి, ఫోన్‌తో తీసిన ఫొటోల్లో లొకేషన్ ఉండిపోతుంది, అసలు ఫైళ్ళు ఎవరికైనా ఇచ్చేముందు అది తీసెయ్యండి.

బీచ్‌రోడ్_బ్యాచ్:

ఇంతకీ ఎగ్జిబిషన్ ఎక్కడ? పార్కింగ్ ఉందా?

గోడరంగులు:

గోడల మీద బొమ్మలు వేయడం నా పని, ఇరవై ఏళ్ళుగా. నా బొమ్మల మీద ఎన్నిసార్లు సున్నం కొట్టారో లెక్కలేదు. గోడ వాళ్ళది, వాన దేవుడిది, బాధపడటం మానేశాను. కానీ ఈమధ్య ఒక మిత్రుడు ఫోన్‌లో ఏదో వర్చువల్ టూర్ చూపించాడు, అందులో నేను వేసిన గోడ ఉంది. నా వలలూ పడవలూ ఉన్నాయి, రంగులు మాత్రం నావి కావు. ఏఐతో "శుభ్రం" చేశారట. వల రంధ్రాలన్నీ సమానంగా దిద్దేశారు. చినిగిన వల అది, చినిగిందనే వేశాను! పక్కన ఒక ప్రకటన కూడా అంటించారు. సున్నం కొట్టినప్పుడు కలగని కడుపుమంట ఇప్పుడు కలిగింది. లేకుండా పోవడం ఒకటి, నా పేరు మీద వేరేది నిలబడి ఉండటం ఇంకొకటి.

అమర్‌నాథ్ సెహగల్ కేసు తెలుసా మీకు? ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో పెద్ద కంచు శిల్పం చేశారాయన, గోడంత. 1979లో దాన్ని పీకేసి గోడౌన్‌లో పడేశారు. ఆయన కోర్టుకెక్కితే 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకి ఇచ్చెయ్యండి, ఐదు లక్షలు కట్టండి అంది. డబ్బిచ్చి చేయించుకున్నా సరే, చేసినవాడికి ఆ పని మీద ఒక హక్కు మిగిలే ఉంటుందని.

మీ కేసులో చేసినవాడు ఎవరు అనేదే అసలు ప్రశ్న. నువ్వా? ఫొటోలు నీవి. కానీ ఆ పసుపు ఎవరు రాశారు, ఆ గీతలు ఎవరు గీశారు? గుమ్మానికి నలభై ఏళ్ళు రోజూ పసుపు రాసినావిడ కళాకారిణి కాదంటే నేను ఒప్పుకోను. కాబట్టి బాబూ, తీసెయ్యాలా వద్దా అని మమ్మల్ని కాదు అడగాల్సింది.

సంవత్సరీకం:

గొంతు గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే నాకు జరిగింది.

అమ్మ సంవత్సరీకానికి మా బాబాయి కొడుకు ప్రేమతోనే చేశాడు, అమ్మ ఫొటోని ఏదో యాప్‌లో పెట్టి నవ్వేలా, కళ్ళు ఆర్పేలా చేసి టీవీలో వేశాడు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, ఇంకోసారి వెయ్యమన్నాను కూడా. అక్కడితో అయిపోతే బాగుండేది. ఇప్పుడు కళ్ళు మూసుకుని అమ్మ నవ్వు గుర్తు తెచ్చుకుంటే ముందు ఆ టీవీ నవ్వే వస్తోంది. అమ్మకి నవ్వితే ఒక పక్క పెదవి కిందికి జారేది, చెయ్యి అడ్డం పెట్టుకునేది. యాప్‌కి అది తెలియదు కదా, చక్కగా పళ్ళు కనపడేలా నవ్వించింది. నా దగ్గరున్నది ఒక్క నవ్వు, దాని మీద ఇది కూర్చుంది.

2020లో దక్షిణ కొరియాలో ఒక టీవీవాళ్ళు, ఏడేళ్ళకే చనిపోయిన పాపని వీఆర్‌లో తయారుచేసి తల్లికి చూపించారు. గ్లవ్స్ వేసుకుని ఆవిడ ఆ పాపని తడుముతుంటే ప్రపంచమంతా చూసింది. ఆ తల్లికి మేలు చేసిందో కీడు చేసిందో అనడానికి నేనెవర్ని, ఆవిడ కావాలనుకుని వెళ్ళింది. కానీ మీ తాతయ్య గారు వచ్చిన ప్రతివాడికీ "రండి కూర్చోండి" అనాలా? క్యాసెట్‌లో ఆయన నిజంగా అన్న మాట ఏదైనా ఉంటే అదే వినిపించండి, టేపు గరగర కూడా ఉంచి. అనని మాట ఆయన నోట్లో పెట్టకండి. ఆ అబ్బాయి గారికి ఇది కొంచెం మెల్లిగా చెప్పండి, పాపం, ఆయనకి గొంతు వినాలని ఉంది. అంతే ఉంటుంది.

పాతఊరు_పిల్లోడు:

అక్కా, ఈ పోస్టు మావాడికి చదివి వినిపించాను. హిట్టు అన్నవాడు ఏం మాట్లాడలేదు.

మండువా_లోగిలి:

ఆర్కిటెక్ట్‌ని. పాత ఇళ్ళు కొలిచి గీయడం నా పనిలో భాగం. అద్దం గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అన్నిటికంటే అదే ఆసక్తిగా ఉంది.

నింపొద్దు. పాత కట్టడాల్ని కంప్యూటర్లో చూపించే పనికి లండన్ చార్టర్ అని ఒక ఒప్పందం లాంటిది ఉంది, 2009 నాటిది. అందులో చాలా ఉంది గానీ నాకు గుర్తుండిపోయింది ఒకటి: చూసేవాడికి ఏది ఆధారంతో ఉన్నదో, ఏది మన ఊహో తెలిసేలా ఉండాలి. ఏఐతో నింపితే మొత్తం ఒకే నునుపు వచ్చేస్తుంది, ఏది గోడో ఏది కథో మీకే తెలియదు రెండేళ్ళ తర్వాత. ఖాళీలకి బూడిదరంగు వేసి వదిలెయ్యండి. అద్దంలో పొగలా ఉన్నది మీరే అన్నారుగా, అది అసలు తీయొద్దు. ఆ ఇంట్లో ఆ రెండు రోజులూ మీరున్నారన్నదానికి అదొక్కటే సాక్ష్యం. చూసినవాళ్ళకి ఇది ఇల్లు కాదు, ఇంటిని ఎవరో చూసిన చూపు అని అర్థమవుతుంది.

దేవుడి గది విషయంలో సముద్రపుగాలి గారితో సగం ఏకీభవిస్తాను. అసలు ఫైలు ముట్టుకోకుండా దాచండి, చూపించేదాంట్లో తలుపు వేసెయ్యండి. గది మాయం చేయకండి, తలుపు మూసి ఉంచండి. మన ఇళ్ళలో చుట్టం వస్తే అన్ని గదులూ తీసి చూపిస్తామా ఏంటి?

జాలారిపేట_2:

తలుపు మూసెయ్యడం బాగుంది. ఇది నచ్చింది.

సముద్రపుగాలి:

సరే, నేనూ ఒప్పుకున్నా. కానీ అందరూ అనుమతి అనుమతి అని కూర్చుంటే ఈలోపు ఇళ్ళు పోతున్నాయి నాయనా. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన నాలుగు అరుగుల్లో ఇప్పుడు ఒక్కటే ఉంది.

పాతఊరు_పిల్లోడు:

అప్‌డేట్. ఆదివారం ఎంవీపీ కాలనీలో అబ్బాయి గారి ఫ్లాట్‌కి వెళ్ళాను, మామ్మ గారు అక్కడే ఉంటున్నారు. హెడ్‌సెట్ పెడితే కళ్ళు తిరుగుతాయేమోనని లాప్‌టాప్‌ని టీవీకి కలిపాను. ఆవిడ చెప్పినవైపు నేను మౌస్ తిప్పాను. ముందుగా జాలారిపేట గారు చెప్పింది చెప్పాను, తెలియనివాళ్ళు మీ ఇంట్లో తిరుగుతారు, మీకు వాళ్ళు కనపడరు అని. "ఇంట్లో నేనే లేను కదయ్యా, నాకెవరు కనపడితే ఏం" అన్నారు. అని కాసేపాగి "ఆడవాళ్ళు కూడా వస్తారా" అని అడిగారు. ఎందుకడిగారో తర్వాత తెలిసింది.

నేరుగా పెరట్లోకి తీసుకెళ్ళమన్నారు. నుయ్యి చూసి నవ్వారు, నీళ్ళు సాఫ్ట్‌వేర్‌కి పట్టుబడవు, అక్కడ నల్లటి బొక్క తప్ప ఏమీ లేదు. "ఎండాకాలం కూడా ఇలా లేదు" అన్నారు.

దేవుడి గది చూపించి అమ్మాయి గారి మాట చెప్పాను. "దేవుడు మాతోపాటు ఆటోలో వచ్చేశాడు, అక్కడున్నది ఉత్త గూడే. దానికి చెప్పు" అన్నారు. నిజమే, పటాలన్నీ ముందే తీసేశారు, నేనే చూసుకోలేదు. అయినా మండువా గారన్నట్టు తలుపు వేసేస్తాను, అమ్మాయి గారి కోసం.

ఎత్తు గీతలకి మాత్రం "నన్నడక్కు. వాడు దాని వెనక పుట్టినవాడు, దాని చంక దిగకుండా పెరిగాడు. అదేమంటే అదే" అన్నారు. కాబట్టి అవి పోతాయి, పోస్టర్ కూడా మార్చేశాను. తాతయ్య గారి గొంతు సంగతి చెప్తే అబ్బాయి గారి వైపు చూసి గట్టిగా నవ్వేశారు. "మీ నాన్న ఎవర్నైనా రండి కూర్చోండి అన్నాడట్రా? ఎవడ్రా అది అనేవాడు." ఆయన కూడా నవ్వేశారు. సాయంత్రం క్యాసెట్ తెచ్చి ఇచ్చారు, ఉన్నదున్నట్టు వింటే చాలన్నారు.

ఇక అసలు సంగతి. వంటింట్లోకి వచ్చాక "తలుపు వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను. "దగ్గరికి." దగ్గరికి వెళ్ళాను. తలుపు వెనక గోడ సున్నం మీద పెన్సిల్ రాతలున్నాయి. నేను అవి చూశాను, చాలాసార్లు చూశాను, మా భాషలో దాన్ని టెక్స్చర్ అంటాం. పాత గోడ భలే వచ్చిందిరా అని ఫ్రెండ్స్‌కి జూమ్ చేసి చూపించాను కూడా. ఒక్కసారైనా చదవలేదు.

అవి చేబదుళ్ళు. ఆ వీధిలో ఆడవాళ్ళు ఇంట్లో మగవాళ్ళకి తెలియకుండా మామ్మ గారి దగ్గర తీసుకున్న డబ్బులు. పేరు, పక్కన అంకె, తీర్చేస్తే మీద అడ్డగీత. అడ్డగీత లేనివి కూడా ఉన్నాయి. వాళ్ళ పిల్లలూ కోడళ్ళూ ఇప్పటికీ అదే వీధిలో ఉన్నారు, ఎగ్జిబిషన్ హాలు అక్కడికి పది నిమిషాలు. దేవుడి గది, గీతలు, గొంతు, అద్దం, ఇన్ని అనుకున్నాం మనం ఇక్కడ. ఈ గోడ ఎవరికీ తట్టలేదు, ఇంట్లోవాళ్ళకి కూడా.

చూపించేదాంట్లో ఆ గోడని మసక చేస్తానని మాటిచ్చాను. తన దగ్గర ఉంచుకోవడానికి ఒక కాపీ కావాలన్నారు, కానీ ఇలా కాదన్నారు. నన్ను ఒక్కో పేరూ చదవమన్నారు. నేను చదవడం, ఆవిడ "ఇచ్చేసింది, కొట్టెయ్" అనడం, లేకపోతే "ఇవ్వలేదు, పోనీ, కొట్టెయ్" అనడం, నేను పెయింట్ టూల్‌తో గీత గీయడం. పేర్లు ఇక్కడ రాయను. ఎనిమిదో పేరు దగ్గర చెయ్యి అడ్డం పెట్టారు.

"అది కొట్టెయ్యకు. అది ఆవిడ నాకివ్వాల్సింది కాదు, నేను ఆవిడకివ్వాల్సింది."

అబ్బాయి గారు ఆవిడ మనవరాలి ఫోన్ నంబరు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.